మేం పట్నం పోతే కొట్టం గూట్లో గిన్నె ఎవరు పెట్టాలి?

మా చిన్నప్పుడు... ఒక సాయంత్రం బాపు నాగలి దించి కాళ్లు కడుక్కుంటూ, "యాసంగి కోతలైనంక అందరం పట్నం పోదాం. నాలుగొద్దులుండి అన్నీ సూసొద్దాం" అన్నాడు. నేను నీళ్ల చెంబు అక్కడే వదిలేసి ఇంట్లోకి పరుగెత్తాను.

మాది చౌటుప్పల్‌కు అవతల చిన్న పల్లె. పోలీసు చర్య జరిగి రజాకార్లు పోయిన కొత్తలు. అంతకుముందు కుక్క మొరిగితే చాలు, పిల్లాజెల్లా కందిచేలల్లోకి పరుగెత్తిన వాళ్లం... అలాంటి మేము సరదాగా ఊరు దాటడమా?

ఇక రోజూ వాకిట్లో అదే ముచ్చట. బాపుకు ఇరానీ హోటల్లో చాయ్ తాగాలని... చిన్నప్పుడు ఒకసారి తాగాడట, ఆ గొప్ప అప్పటిదాకా చెప్పుకుంటూనే ఉన్నాడు. నాకు రెండంతస్తుల బస్సులో పైన కూర్చోవాలి, బాగె ఆం తోట జంతుశాలలో పులిని చూడాలి. మా అవ్వకు, అంటే బాపు తల్లికి, చార్మినార్ చూడాలని ఉంది కానీ బయటి తిండి ముట్టదు. సకినాలు, సత్తుపిండి మూట కట్టుకుంటానంది. జిలేబీ పేరు వినగానే మాత్రం, "నెయ్యిల కాల్చినదానికి అంటు లేదు" అని తీర్పు చెప్పింది. అవ్వ శాస్త్రం ఎప్పుడూ అవ్వ నాలుక మాటే వినేది.

అమ్మ మాత్రం ముచ్చట మధ్యలో లేచి, గిన్నె పట్టుకుని కొట్టం దిక్కు పోయేది...

ఆమె తమ్ముడు, మా మల్లేశం మామ, దొరల మీద తిరగబడ్డ సంఘంలో కలిసి అడవి పట్టి ఏడాది దాటింది. ఉన్నాడో లేడో తెలియదు. అడవిలో ఉన్నవాళ్లకు తిండి పెట్టే పద్ధతి ఒకటి మా దిక్కు ఉండేది. పొద్దుగూకే వేళ పశువుల కొట్టం గోడగూట్లో గిన్నె పెట్టి రావాలి. ఎవరినీ పిలవకూడదు, ఎవరొచ్చారో చూడకూడదు. పొద్దున గిన్నె ఖాళీ అయితే ఎవరో వచ్చి తిన్నట్టు. సంఘం వాళ్ల కోసం వెతికే మిలిట్రీ కంట పడితే తన్నులు తప్పవు. అయినా అమ్మ ఒక్క పూట మానలేదు... జొన్నరొట్టెలు, ఇంత తొక్కు. గిన్నె ఖాళీగా కనబడిన పొద్దున ఆమె మొహం తేటగా ఉండేది.

కోతలయ్యాయి. బండి కట్టే రోజు కూడా అనుకున్నారు. తీరా ముందురోజు అమ్మ, "మీరు వోయి రాండ్రి, నేను రాను" అంది.

"ఏమైంది?" అన్నాడు బాపు.

"నాలుగొద్దులు గూడు ఖాళీగుంటే నా తమ్ముడు ఏమనుకుంటడు? అక్క గూడ ఇడిసిపెట్టిందనుకోడా?"

బాపు చేతిలోని బండి తాడు పక్కన పడేశాడు. "అట్లయితే ఎవ్వలం పోవద్దు తియ్" అన్నాడు. పులి, బస్సు, జిలేబీ... నాకు అన్నీ ఒక్కసారే పోయాయి. మూలకు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను.

మా చేలో కూలికి వచ్చే ఎల్లమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతూ ఇదంతా విన్నది. ఆమెది ఊరి చివరి వాడ. అవ్వ ఆమెను ఏనాడూ గడప దాటనివ్వలేదు. ఎల్లమ్మ చాట కింద పెట్టి, "నేను పెడ్త తియ్ అక్కా... మా ఇంట్ల ఏం వండితే గది. నువ్వు నిమ్మలంగ వోయి రా" అంది.

"మిలిట్రీయోళ్లు సూస్తే?" అంది అమ్మ.

"సూస్తే సూస్తరు. మా అసొంటోళ్లకు భూమి కావాలని కొట్లాడ వోయినోడు గదా. ఆయన ఆకలి నాకు పట్టదా?"

అందరం అవ్వ వైపు చూశాం. ఎల్లమ్మ వండింది మా మామ తినడమేమిటని ఇల్లు పీకి పందిరి వేస్తుందనుకున్నాం. అవ్వ తమలపాకుకు సున్నం రాసి, మడిచి దవడకు పెట్టుకుంది. ఆఖరికి, "గిన్నె మీద మూత పెట్టు బిడ్డా, పిల్లి ముడ్తది" అంది. అంతే. అమ్మ లోపలికి పోయి మొహం కడుక్కుని, సందుగలోంచి మంచి చీర తీసింది.

పట్నం ముచ్చట్లు మొదలుపెడితే ఒక పట్టాన తెగవు. పులి పడుకునే ఉంది, నా వైపు చూడనైనా లేదు. అవ్వ చార్మినార్‌ను చూసిన దానికన్నా జిలేబీ బండిని చూసిందే ఎక్కువ. ఇరానీ హోటల్లో అమ్మ చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, రోడ్డు మీద ఏ భయమూ లేకుండా నడిచే జనాన్ని చూసి నవ్వింది. అమ్మ అలా నవ్వి ఎన్నాళ్లయిందో... నాకు ఏడుపొచ్చింది.

తిరిగొచ్చి బండి దిగుతూనే అమ్మ ఎల్లమ్మ వాడకు నడిచింది. "రోజూ ఖాళీయే అక్కా" అంది ఎల్లమ్మ. ఆ పూట అమ్మ కడుపు నిండా తిన్నది.

మరుసటి ఏడు మామ వచ్చాడు... బక్కచిక్కి, గడ్డం పెరిగి, జైలు నుంచి. అడవి పట్టిన కొన్నాళ్లకే ఆయన్ను పట్టుకుని ఎక్కడో దూరపు జైల్లో వేశారట. మా కొట్టం ఛాయలకు ఒక్కనాడూ రాలేదు. గూటి సంగతి విని నోటి దగ్గరి ముద్ద అలాగే పట్టుకుని, "మరి గా రొట్టెలు ఎవలు తిన్నరక్కా?" అన్నాడు.

అమ్మ ఆయనకు ఇంకో రొట్టె వేస్తూ, "ఏ అక్క తమ్ముడో తిన్నడు. నిన్ను గూడ ఏడనో ఎవలో ఒగలు సాకిండ్రు గదా" అంది.

నేను చెబుతుంటే ఇది టైపు చేస్తున్న నా మనవరాలు వచ్చే నెల ఢిల్లీ పోతోంది. ఏం చూడాలో, ఎక్కడ ఏం తినాలో చాయ్ చల్లారేలోపు ఫోన్‌లోనే తేల్చేసుకుంది. ఆడపిల్లలు ఇలా ధైర్యంగా తిరగాలని నాకు ఎంత ఆశో... కానీ తాళం వేసి పోయేటప్పుడు "నీ బదులు నేను చూసుకుంటా, నిమ్మలంగా పోయి రా" అనే మనిషి ఇప్పుడు ఏ వాడలో ఉన్నారో. మీ ఇంట్లో వాళ్లు మొదటిసారి పట్నం పోయినప్పుడు వెనక ఎవరు నిలబడ్డారు? చెప్పండి... చదివించుకుని వింటాను.