దొరైసామి పన్ను నొప్పి

పెరియకుళం చుట్టుపక్కల పచ్చి కాకరకాయ కరకర నమిలి మింగగలిగిన మగాణ్ణి నేనొక్కణ్ణే. గొప్పకు చెప్పుకోవడం లేదు, రామక్కాళ్ వల్ల నాకొచ్చిన కష్టం చెబుతున్నాను.

రామక్కాళ్ చదివింది ఐదో తరగతి. కోయంబత్తూరులో మూడు నెలలు శిక్షణ తీసుకుని వచ్చి, చిన్న పాలీహౌస్ వేసి, మందు చుక్క పడకుండా కీరదోస పండించింది. చూడ్డానికి వెళ్లినవాళ్లను చూసి పోనివ్వకుండా కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టింది. అలా చిక్కిన సన్నకారు రైతులం పదకొండు మందిమి. ట్రేలలో నారు పోయడం, డ్రిప్పు గొట్టాలు కడుక్కోవడం, వేపనూనె కలపడం అన్నీ ఆవిడే నేర్పింది. పసుపు రంగుకు తెల్లదోమ మూగుతుందని పాత డబ్బాలకు పసుపు రంగు వేయించి, దోమ అంటుకుపోయేలా ఆముదం పూయించి వేలాడదీయించింది. మా ఆవిడ కమలం ఒకరోజు పసుపు చీర కట్టుకుని వస్తే రామక్కాళ్ పాలీహౌస్ గుమ్మంలోనే ఆపి, ఒంటికి ఆముదం పూసుకుంటేనే లోపలికి రమ్మంది. కమలం ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు, నన్నూ మరవనివ్వదు.

రామక్కాళ్ పెట్టిన నియమం ఒకటుంది. కోసిన కాయను రైతు అక్కడే, కడగకుండా, అందరి ముందూ తినాలి. తిన్నాకే సరుకు మదురై బండి ఎక్కాలి. మందు జాడ పట్టే ల్యాబు మదురైలో ఉంది కదా, మధ్యలో మనకెందుకీ బాధ అని నేనొకసారి గొణిగాను.

"ల్యాబు మదురైలో ఉండాది. నోరు ఈడే ఉండాది గదా," అంది.

కీరదోస వేసినవాళ్లు హాయిగా తిన్నారు. కాకర వేసినందుకు నా ఖర్మ నేను అనుభవించాను.

మందు లేని పంట అని మా అందరికీ కలిపి ఒకటే సర్టిఫికెట్. ఒక్కడు మందు కొట్టి పట్టుబడితే పదకొండు మందికీ ఏడాదిపాటు రద్దవుతుంది. తప్పు చేసినవాడు తనంతట తానే ఒప్పుకుంటే మాత్రం, వాడు ఆ పంట పీకేసి మొదటి పాఠం నుంచి మళ్లీ కూర్చుంటే చాలు, మిగతావాళ్లకు నష్టం లేదు. అంతవరకు ఎవరూ ఒప్పుకున్న పాపాన పోలేదు.

మా పదకొండో మనిషి దొరైసామి. రామక్కాళ్ తన కూతురు మేనకను ఇచ్చింది ఆయన కొడుక్కే. ఇరవై ఐదేళ్లు పురుగుమందుల కొట్టు నడిపిన మనిషి ఈ సేద్యానికి వచ్చింది నేల మీద ప్రేమతో కాదు, వియ్యపురాలి మాట కాదనలేక. పురుగు కనిపిస్తే మేము పురుగు పేరు చెప్పేవాళ్లం, ఆయన సీసా పేరు చెప్పేవాడు.

మొన్న ఎండాకాలంలో కీరదోస తీగలన్నిటికీ ఆకు రసం పీల్చే ఎర్రనల్లి పట్టింది. పుల్లమజ్జిగ, వేపనూనె కొట్టికొట్టి మా భుజాలు పడిపోయినా ఆకులు సగమే తేరుకున్నాయి. దొరైసామి తీగలు మాత్రం మూడే రోజుల్లో నిగనిగలాడాయి. సంగతేమిటో మా అందరికీ తెలిసిపోయింది. వియ్యంకుడి గురించి వియ్యపురాలికి చెప్పే ధైర్యమే ఎవరికీ లేకపోయింది.

శనివారం ఆయన కోత. రామక్కాళ్ వెంట తనిఖీకి వెళ్లే వంతు నాకు పడింది. దొరైసామి చెంపకు తువ్వాలు కట్టుకుని ఎదురొచ్చాడు. పన్ను నొప్పి, నమలలేనన్నాడు. ఏ వైపు పన్నని అడిగితే ముందు కుడి అన్నాడు, తువ్వాలు తడుముకుని ఎడమ అన్నాడు. రామక్కాళ్ ఆకులు తిప్పి చూసింది. ఒక్క నల్లి కూడా లేదు. అన్న బాగా నేర్చుకున్నాడని నాతో మెచ్చుకుంది. చెప్పేద్దామనుకున్నాను, చెప్పలేకపోయాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

ఆవిడ ఒక లేత కాయ తుంచింది. "మీకు పన్ను నొప్పి గదా అన్నా. మీకు బదులు నేను తింటాను," అని నోటి దాకా తీసుకెళ్లింది.

దొరైసామి రెండంగల్లో వచ్చి ఆవిడ చేతిలోంచి కాయ లాక్కున్నాడు. తువ్వాలు ఊడి కింద పడింది.

"తినొద్దమ్మా. నాకు పన్ను నొప్పి లేదు. బుధవారం మందు కొట్టినాను."

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయనకు బాగుండేది. నా చేత రిజిస్టర్ తెరిపించి, దొరైసామి తనంతట తానే చెప్పాడని రాయించింది. దాంతో మా సర్టిఫికెట్ దక్కింది. తర్వాత తీగలు పీకమంది. పిందెలతో నిండుగా ఉన్న తీగల్ని ఆయన వరస తర్వాత వరస పీకుతుంటే నేనూ ఓ చెయ్యి వేశాను. అన్నీ పీకాక ఆయన నడుము పట్టుకుని నిలబడి, నా మీద నీకు కొంచెం కూడా అనుమానం రాలేదా అని అడిగాడు.

"నా బిడ్డ దినమూ మీ ఇంట్లోనే దా అన్నం తింటా ఉండాది. మిమ్మల్ని అనుమానపడితే నేనెట్ల నిద్రపోయేది అన్నా?"

దొరైసామి ఆ తీగల కుప్ప పక్కనే కూలబడి ఏడ్చాడు. నాకు ఏడ్చే అర్హత కూడా లేదు. ఆవిడ ఆ కాయ తినబోయి నోరు తెరిచినప్పుడు అడ్డుపడ్డది ఆయన, నేను కాదు.

సోమవారం ఆయన మొదటి పాఠానికి కూర్చుంటే, పక్కన నేనూ వెళ్లి కూర్చున్నాను. ఎందుకని కమలం అడిగితే, డ్రిప్పు సంగతి మరిచిపోయానని అబద్ధం చెప్పాను.