తాబేలుకు నేను చేసిన ఆయుధపూజ

పండగపూట కొత్త చొక్కా వేసుకుని, జీతమిచ్చే ఓనరు ముందు, ఆయన భార్యాపిల్లల ముందు, పాతికేళ్ళుగా నన్ను 'ఏరా' అని పిలిచే హమాలీల ముందు గాల్లో వేలాడుతూ తుమ్మిన మనిషి ఈ గుంటూరు చుట్టుపక్కల నేనొక్కణ్ణే. ఆ భోగం ఎలా పట్టిందో చెబుతాను. మీరు నవ్వుతారు. నవ్వండి, నాకేం కోపం లేదు. కాకపోతే చివరికొచ్చేసరికి ఎంతోకొంత మెచ్చుకోవాల్సి కూడా వస్తుంది. ఆ సంగతి ముందే చెప్పడం మర్యాద.

నా పేరు కోటేశ్వరరావు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ని. మా బిల్డింగుకు కిటికీలుండవు. లోపల అంతస్తులన్నీ చెక్కపలకలతో పరిచి ఉంటాయి. వాటిమీద టిక్కీలు, అంటే మిరపకాయలు కూరి కుట్టిన గోనె బస్తాలు, పైకప్పు దాకా పేర్చి ఉంటాయి. అన్ని అంతస్తుల మధ్యగా కింది నుంచి పైదాకా ఒక పెద్ద ఖాళీ ఉంటుంది. టిక్కీలను గొలుసుకు తగిలించి ఎత్తేది, దించేది అందులోనే. దాన్ని మేమంతా బావి అంటాం. నీళ్ళుండవు కానీ పడితే బావే.

ఆ పండగకు ముందటి సీజన్లో మా హమాలీల మేస్త్రి మస్తాన్‌వలి అందులో పడ్డాడు. వాడూ నేనూ ఒకే బళ్ళో చదివి, ఒకే తరగతిలో తప్పినవాళ్ళం. కింద టిక్కీలుండబట్టి భుజం ఎముకతో పోయింది. వాణ్ణి ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది నేనే. దారి పొడుగునా వాడు నొప్పితో మూలుగుతూనే ఉన్నాడు. ఆ రోజు నుంచి ఓనరు రామ్మోహన్‌గారి వెంటపడ్డాను. ఆయన టీ తాగుతుంటే చెప్పాను, ఫోన్ మాట్లాడుతుంటే చెప్పాను, వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతానికి పిలిస్తే ప్రసాదం తింటూ చెప్పాను. చివరికి నా పోరు పడలేక ఆయన ఆ యంత్రం కొన్నారు.

యంత్రమంటే మరేం లేదు, కుంకుడుకాయంత బుర్రకు కూడా అర్థమయ్యే వస్తువు. ఒక గట్టి పెట్టె, అందులో చుట్టుకుని ఉన్న ఇనప తాడు. పెట్టెను పైనున్న దూలానికి తగిలిస్తాం. తాడు చివరి కొక్కేన్ని మనిషి ఒంటికి కట్టుకున్న బెల్టుకు వీపు దగ్గర తగిలిస్తాం. మనిషి నడిచినంత దూరం తాడు వస్తుంది, వెనక్కొస్తే తనంతట తనే లోపలికి పోతుంది. కాలుజారి ఒక్కసారిగా పడ్డాడా, టక్కున పట్టేస్తుంది. కారు సీటుబెల్టు ఎలాగో ఇదీ అలాగే. పైగా మా దానికి పక్కన ఒక పిడి కూడా ఉంది. వేలాడే మనిషిని ఆ పిడి తిప్పి పైకి తెచ్చుకోవచ్చు. తల లోపలికి లాక్కునే గుణం చూసి, మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళ జట్టు పెద్ద నాగమణి దానికి తాబేలని పేరు పెట్టింది.

అమ్మిన కంపెనీ మనిషి వచ్చి పాఠం చెప్పి వెళ్ళాడు. ఆ పాఠాన్ని నేను ఒంటబట్టించుకున్నంతగా మా ఆవిడ చెప్పిన మాట ఒక్కటైనా ఒంటబట్టించుకుని ఉంటే నా సంసారం ఇంకోలా ఉండేది. కట్టుకునే ముందు తాడును జర్రున లాగి చూడాలి, పట్టాలి. తాడును చేత్తో పట్టుకుని మెల్లగా లోపలికి పంపాలి, వదిలేయకూడదు. దుమ్ము పడితే పొడిగుడ్డతో తుడవాలి. నూనె, గ్రీజు దగ్గరికి రానీయకూడదు. ఇది నేను రోజూ చెప్పీ చెప్పీ, నాగమణి జట్టు తొడిమలు తీస్తూ ఎక్కాల్లాగా అప్పజెప్పే స్థితికి వచ్చింది. పిడి తిప్పడం కూడా నాగమణికి నేర్పాను. నేర్పింది ఎవరండీ? నేను.

ఇంత చేస్తే హమాలీలు ఒక్కరూ బెల్టు కట్టుకోరు. అందరికంటే మొండికేసింది ఎవరో తెలుసా? పడ్డవాడే.

"ఒరేయ్ కోటీ, వీపుకి తాడు కట్టుకోడానికి మేమేమన్నా గేదెలమా?" అన్నాడు మస్తాన్.

"పడ్డావు కదరా."

"పడ్డాను, లేచాను. ఆ డబ్బా పట్టుద్దని గ్యారంటీ ఏంది? రేకు డబ్బాని నమ్మి కాలు జారమంటావా?"

రామ్మోహన్‌గారు విన్నారు. "ఏమయ్యా కోటేశ్వర్రావూ, దసరా పూజకి అందరూ ఉంటారు. వాళ్ళ ముందే చూపించు. కట్టుకుంటామంటే ఉంచుదాం. లేదంటే వెనక్కి పంపించేస్తా. కట్టుకోని బెల్టు నాకెందుకు?"

అదీ పరిస్థితి. ఆ ఒక్క పూట నేను నెగ్గితే బావి అంచున పనిచేసే ప్రతివాడి వీపునా తాడుంటుంది. ఓడితే తాబేలు లారీ ఎక్కి వెళ్ళిపోతుంది, మళ్ళీ ఎవడో ఒకడు ఆటో ఎక్కుతాడు.

దసరా వచ్చింది. ఆయుధపూజ సంగతి మీకు చెప్పేదేముంది. కాటా, మోటర్లు, లారీలు, చివరికి ఆఫీసులో కంప్యూటరు కూడా బొట్టు పెట్టుకుని కూర్చుంటాయి. అన్నిటికీ పసుపు పూసి, నేను ప్రాణం పెట్టి తెప్పించిన తాబేలుకు ఊరికే ఒక బొట్టు పెట్టి ఊరుకుంటానా? పొద్దున్నే దాన్ని దించి లాగి చూశాను. టక్కున పట్టింది. ఇక పరీక్ష అయిపోయింది, మిగిలిందంతా భక్తే అనుకున్నాను. పీట వేసి దానిమీద కూర్చోబెట్టాను. తాడు మొత్తం బయటికి లాగి, నువ్వులనూనెలో పసుపు కలిపి, ఈ చివర నుంచి ఆ చివరి దాకా పెళ్ళికూతురికి నలుగు పెట్టినట్టు పట్టించాను. కొక్కెం దగ్గర దిష్టికి నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి కట్టాను. పెట్టెకూ పిడికీ కలిపి మస్తాన్ తెచ్చిన బంతిపూల దండ వేశాను.

నాగమణి నిలబడి చూస్తోంది. "అన్నయ్యా, దానికి నూనె తగలకూడదన్నావు కదా?"

"అది మామూలు నూనె. ఇది పూజనూనె."

"తాబేలుకి తెలుసుద్దా?"

"అన్నీ దానికి తెలుస్తాయి, నువ్వు కొబ్బరికాయ పట్టుకురా."

అప్పుడే బయట ఓనరుగారి కారు హారన్ వినిపించింది. ఎదురెళ్ళే తొందరలో తాడును వదిలేశాను. చేత్తో పట్టుకుని మెల్లగా పంపాలని ఊరందరికీ చెప్పిన నేనే వదిలేశాను. అది జుయ్యిమంటూ పసుపుతో, నూనెతో సహా లోపలికి పోయింది. నిమ్మకాయ పెట్టె మూతికి తగిలి చితికింది. దండలో సగం కనిపించలేదు. దేవుడు పూలు స్వీకరించాడని సంతోషించాను.

హారతి అయింది. తాబేలును దూలానికి ఎక్కించాం. కంపెనీ మనిషి నాకు ఇంకోమాట కూడా చెప్పాడు: చూపించాల్సి వస్తే ఇసక బస్తా కట్టి చూపించండి, మనిషిని మాత్రం వద్దు. అయితే బస్తాకు ప్రాణభయం ఉండదు, బస్తా వేలాడితే మస్తాన్ నమ్మడు. కాబట్టి నేనే బెల్టు బిగించి మొదటి అంతస్తు అంచున నిలబడ్డాను. కింద టిక్కీలు రెండు వరసలు పరిపించాను, అంతవరకు బుద్ధి పనిచేసింది.

"చూడండి, కాలు జారినట్టు అడుగేస్తాను. పట్టేస్తుంది. తర్వాత ఇక్కడే ఉన్న నాగమణి పిడి తిప్పి నన్ను పైకి తెస్తుంది," అని ప్రకటించాను.

"ముందు లాగి చూడాలన్నావుగా?" కింది నుంచి మస్తాన్ అరిచాడు.

"పొద్దున చూశాలేరా," అని అడుగేశాను.

జర్రున కాస్త దూరం ఎక్కువే జారాను. ఆ కాస్త దూరంలో నాకు కోటప్పకొండ మెట్లన్నీ కనిపించాయి. అంతలో పట్టింది. వీపు మీద ఎవరో గుద్దినట్టయింది, అంతే. బతికాను. కింద అందరూ చప్పట్లు కొట్టారు. ఓనరుగారి అమ్మాయి ఫోన్లో వీడియో తీస్తోంది. అలాంటి గర్వం నాకు పెళ్ళిలో కూడా కలగలేదు.

"నాగమణీ, ఇక తిప్పమ్మా."

పైన ఆవిడ పిడితో కుస్తీ పడుతున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి, "అన్నయ్యా, పిడి కదలట్లేదు. దండ దారం చుట్టుకుంది."

"దారం లాగెయ్."

"లాగుతున్నా. పూలు వస్తున్నాయి, నువ్వు రావట్లేదు."

అదే సమయంలో నేను పడ్డ ఊపుకు కింద టిక్కీల మీది కారపు దుమ్ము లేచి నా ముక్కు దాకా వచ్చింది. ఒక తుమ్ము తుమ్మాను. గాల్లో తుమ్మితే ఏమవుతుందో మీకు తెలియదు. మనిషి తిరుగుతాడు. ఒకసారి ఓనరుగారు కనిపించారు, ఇంకో తుమ్ముకు గోడ కనిపించింది, మరో తుమ్ముకు మళ్ళీ ఓనరుగారు.

"ఏమయ్యా, ఇది కూడా ప్రోగ్రాములో ఉందా?" అన్నారాయన.

"ఉందండి," అన్నాను, కళ్ళల్లో నీళ్ళు కారుతుండగా. "వేలాడే మనిషి కాళ్ళకి... హాచ్... రక్తం ఆడదండి. ఎక్కువసేపు వదిలేస్తే ప్రమాదం. అందుకని బెల్టు పక్కన సంచుల్లో పట్టీలుంటాయి. అవి విప్పి పాదాలు పెట్టి నిలబడాలి. ఇదిగో... హాచ్... ఇలాగ." నిజంగానే అప్పటికి తొడలు మొద్దుబారుతున్నాయి. పట్టీల్లో నిలబడ్డాక ప్రాణం కుదుటపడింది. పసుపు పుయ్యనేల, పైనుంచి వేలాడనేల అని మనసులో అనుకున్నాను గానీ, పైకి మాత్రం పాఠం ఆపలేదు.

పాఠం నడుస్తూనే ఉంది కానీ నాకు భయం మొదలైంది. బావి మధ్యలో నిచ్చెన ఆనించడానికి చోటు లేదు. మస్తాన్ తలెత్తి నా ముఖం చూశాడు. వాడికి నా ముఖం చిన్నప్పటి నుంచి తెలుసు.

"ఒరేయ్, ఇది ప్రోగ్రాము కాదు. వీడు ఇరుక్కున్నాడు. టిక్కీలు అందుకోండి," అన్నాడు.

ఆ తర్వాత జరిగింది చూసి తీరాలి. భుజం విరిగిన మేస్త్రి కేకలేస్తుంటే హమాలీలంతా చేతులు మార్చుకుంటూ టిక్కీలు అందించారు. నా కింద మెట్లుమెట్లుగా బస్తాల నెట్టు లేచింది. వరస మీద వరస, ఒకదాని అంచు మీద ఇంకోటి, ఎక్కడా వంకర లేకుండా. లారీ లోడు కూడా అంత శ్రద్ధగా కట్టి ఉండరు. చూస్తుండగానే నా పాదాల కింద మెత్తగా తగిలింది. మస్తాన్ ఆ నెట్టెక్కి వచ్చి, బాగున్న చేత్తో నా నడుం పట్టుకుని, వీపు వెనక కొక్కెం విప్పాడు. నేను మిరపకాయల మెట్ల మీద నుంచి మహారాజులా కిందికి దిగాను. అయిదో మెట్టు దగ్గర తుమ్మాను.

ఎవరూ నవ్వలేదు. అదే నన్ను భయపెట్టింది. ఓడిపోయాను, తాబేలు లారీ ఎక్కినట్టేననుకున్నాను. తల వంచుకుని, "దీన్ని ఇక ఎవరూ వాడొద్దు. ఒకసారి మనిషిని పట్టిన యంత్రాన్ని సర్వీసుకి పంపి చూపించాకే మళ్ళీ వాడాలి," అని చెప్పి, దాన్ని దింపి గదిలో పెట్టి తాళం వేశాను.

దాన్ని పంపిన నాలుగు రోజులకు సర్వీసు సెంటరు నుంచి ఫోన్ వచ్చింది. రామ్మోహన్‌గారు స్పీకరు పెట్టారు. గదిలో మస్తాన్, నాగమణి కూడా ఉన్నారు.

"సార్, పెట్టె విప్పాం. పసుపుంది, నువ్వులనూనె ఉంది, నిమ్మరసం ఉంది, గింజలు కూడా ఉన్నాయి, ఎండుమిరపకాయలున్నాయి," అని ఒక క్షణం ఆగాడతను. "మీరు మాకు పంపింది మెషీనా, పులిహోరా?"

అప్పుడు నవ్వారండీ. ఓనరుగారు కుర్చీలోంచి జారిపోయేంత నవ్వారు. నాగమణి గోడ పట్టుకుంది. నవ్వనిది మస్తాన్ ఒక్కడే.

"అయ్యగారూ, దాన్ని వెనక్కి పంపించొద్దు," అన్నాడు.

"ఎందుకయ్యా? మొన్నటి దాకా రేకు డబ్బా అన్నావుగా?"

"అన్నానండి. కానీ అంత నూనె తాగి, అన్ని పూలు మింగి, లోపల పులిహోర కలుపుకుని కూడా వీణ్ణి కింద పడెయ్యలేదు. శుభ్రంగా ఉంచితే నన్ను పడేస్తదా? అది బాగై వచ్చేదాకా మావాళ్ళెవరూ బావి అంచుకు పోరు. అప్పటిదాకా మెట్ల మీదగా మోస్తాం."

మోశారు కూడా. నడుములు విరిగినా మెట్ల మీదనే మోశారు. తాబేలు తిరిగొచ్చిన రోజు మొదట బెల్టు కట్టుకున్నది మస్తాన్. నేను నోరు తెరవకముందే తాడును జర్రున లాగి, పట్టిందని చూసి, చేత్తో మెల్లగా లోపలికి పంపాడు. నేను ముక్కు తుడుచుకున్నాను. కారం వల్ల కాదు.

కాబట్టి చదువరులారా, మా మిర్చి ఘాటు మీద ఒట్టేసి, ఎడమచెయ్యి బెల్టు మీద, కుడిచెయ్యి ముక్కు మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో తాబేలు తాడుకు పసుపుగానీ నూనెగానీ నలుగుగానీ పెట్టను. నిమ్మకాయ దాని దరిదాపులకు రానివ్వను. బస్తా చేయాల్సిన పని నేను చేయను. పొద్దున లాగి చూశానని మధ్యాహ్నం దూకను. దసరాకి పెట్టె పైన, బయట, పొడిగా ఒక్క బొట్టు. అదీ నాగమణి పెడుతుంది, నన్ను ఆ రోజు దాని దగ్గరికి రానివ్వరు.

బొట్టు పెట్టాక ఆవిడ గిన్నె మూత తీసి అందరికీ విస్తరాకుల్లో పులిహోర వడ్డిస్తుంది. మొదటి ముద్ద మస్తాన్ నాకే పెడతాడు, "తినరా కోటీ, పులిహోర చోటు మన పొట్ట, తాబేలు పొట్ట కాదు," అంటూ.