ఫారాలమ్మ బావగారి క్లెయిము

గ్యారేజీలో అందరూ ఆవిణ్ణి ఫారాలమ్మ అనేవారు. ఎదురుగా అనే ధైర్యం లేక వెనకాల అనేవారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసినట్టు కనపడి వాళ్ళకి అంత విలువ ఇవ్వడం ఇష్టం లేక ఊరుకునేది.

సొట్టలు పడ్డ కార్లు వరసగా నిలబడే షెడ్డుకి ఓ మూల, అద్దాల గదిలో ఆవిడ బల్ల. బయట సుత్తుల మోత, లోపల పెయింటు వాసన. ఇన్సూరెన్సు క్లెయిము ఫారాలు నింపడం, ఫోటోలు జతచెయ్యడం, నష్టం అంచనా వేసే కంపెనీ సర్వేయరుకి ఫోన్లు చెయ్యడం ఆవిడ పని. పదకొండేళ్ళుగా అదే. ఫారంలో "ప్రమాదం ఎలా జరిగింది?" అని అడిగి, కింద నాలుగు గీతలు వదులుతారు. ఆ నాలుగు గీతల్లో ఆవిడ లోకాన్నంతా చదివేసింది.

ఫోను చూస్తూ గోడకి గుద్దినవాడికీ కుక్కే అడ్డొచ్చింది. తాగి డివైడరు ఎక్కించినవాడికీ కుక్కే. ఆవిడ రాసినదాన్ని బట్టి చూస్తే ఈ ఊరి కుక్కలకి కార్లకి అడ్డం పడటం తప్ప వేరే ఉద్యోగం లేదు. ఇంక సర్వేయరు సంగతి సరేసరి. వంగితే ఎక్కడ బెల్టు తెగుతుందో అన్నట్టు నిటారుగా నిలబడే ఆరు ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయే మహానుభావుడు. మేనేజరు అంతకి రెండాకులు ఎక్కువే చదివాడు. చిన్న గీతకి కొత్త తలుపు రాయిస్తాడు. వీళ్ళందర్నీ చూస్తే ఆవిడకి ఒళ్ళంతా చీదరగా ఉండేది. తన వంక మాత్రం ఎప్పుడూ చూసుకోలేదు. చెప్పేది వాళ్ళు, తను రాసేది మాత్రమే కదా అనుకుని సరిపెట్టుకునేది.

అలాంటి రోజుల్లో ఓ సోమవారం పొద్దున, పాడైన కార్లని మోసుకొచ్చే బండి మీద ఆవిడ బావగారి కారు వచ్చింది. వెనకాలే ఆటోలో బావగారు.

ఈ బావగారు ఓ ఆఫీసులో సూపరింటెండెంటు. ఇంట్లో నలుగురు కలిస్తే చాలు, క్రమశిక్షణ మీద ఉపన్యాసం మొదలుపెడతాడు. చెప్పులు వరసగా పెట్టలేదని పిల్లల్ని గంటసేపు నిలబెట్టిన మనిషి. అక్క పెళ్ళినాటి నుంచీ ఫారాలమ్మకి ఆయనంటే గిట్టదు. అయినా అక్క మొగుడు కదా, కుర్చీ చూపించింది.

"కుక్క అడ్డొచ్చిందమ్మాయ్. తప్పించబోతే కరెంటు స్తంభం తగిలింది," అన్నాడు ఆయన, ఫైలు చదివి వినిపిస్తున్నట్టు.

"బండి ఎవరు నడిపారు బావగారూ?"

"మీ అక్క."

ఆవిడ పెన్ను ఆగింది. అక్కకి లైసెన్సు ఉన్న మాట నిజమే, కానీ బండిని వీధి మలుపు దాటించిన పాపాన పోలేదు. స్కూటరు వెనక కూర్చున్నా కళ్ళు మూసుకునే మనిషి. బావగారి లైసెన్సేమో గడువు తీరి ఏడాదిన్నర. మార్పించుకోమని అక్క బతిమాలితే, "నన్ను ఆపే మొనగాడెవడు?" అన్నాడట.

ఫారాలమ్మ లేచి వెళ్ళి కారులోకి తొంగి చూసింది. డ్రైవరు సీటు పూర్తిగా వెనక్కి జరిపి ఉంది. బారెడు మనిషికి సరిపోయే దూరం. అక్క అందులో కూర్చుంటే కాళ్ళు పెడళ్ళకి అందవు.

తిరిగొచ్చి కూర్చుంది. ఛీ అనుకుంది. అనుకుంటూనే, "నడిపినవారు" అన్నచోట అక్క పేరు రాసింది.

సర్వేయరు వచ్చాడు, ఆరు ఫోటోలు తీశాడు, "విప్పించండి" అని వెళ్ళిపోయాడు. నడిపినవారి సంతకానికి మధ్యాహ్నం అక్కని తీసుకొస్తానని బావగారూ కదిలాడు. భోజనాల వేళకి సొట్టలు తీసే డెంటింగు మేస్త్రీ బంపరు ఊడదీసి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అద్దాల గదిలోకి వచ్చాడు.

"మేడమ్, కరెంటు స్తంభాలకి గంటలు కూడా పెడుతున్నారా ఈ మధ్య?"

బల్ల మీద ఓ సైకిలు గంట పెట్టాడు. సగం నొక్కుకుపోయి, అంచుకి కారు రంగు అంటుకుని ఉంది. ఆవిడ దాన్ని తాకలేదు. మేస్త్రీ పనిలోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి ఆవిడ గంటని ఓ కాగితంతో పట్టుకుని సొరుగులో పెట్టింది.

మూడింటికి బావగారు అక్కని తీసుకొచ్చాడు. అక్క చీర కొంగుతో మొహం తుడుచుకుని, పిల్లల మార్కుల కార్డు మీద సంతకం పెట్టేదానిలా పెన్ను అందుకుంది.

"ఇక్కడ పెట్టు. చదవడానికేం లేదు," అన్నాడాయన.

ఫారాలమ్మ గంటని తీసి ఫారం మీద పెట్టింది.

"ఇదేంటే?" అంది అక్క.

"సైకిలు గంట. మీ బంపరు లోపల దొరికింది."

"ఎక్కడి చెత్తో అది! రోడ్డు మీద సవాలక్ష పడుంటాయి," అని బావగారు చెయ్యి విసిరాడు.

"దానికంటిన రంగు మీ కారుదే బావగారూ."

అక్క గంట వంక చూసింది, మొగుడి వంక చూసింది. "సైకిలు మీద మనిషి ఉన్నాడా?"

ఆయన చొక్కా గుండీ సర్దుకున్నాడు. "లేచే ఉంటాడు."

"లేచే ఉంటాడా?"

"జనం చేరుతున్నారు. అక్కడ ఆగితే నా ఉద్యోగం ఏం కాను?"

అక్క పెన్నుకి మూత పెట్టింది. చెల్లెలి వైపు తిరిగింది. "ఇందులో నేను సంతకం పెడితే, ఆ మనిషిని గుద్ది పారిపోయింది నేనే అవుతాను. అంతేనా?"

"అంతే అక్కా."

"మరి నువ్వెందుకు రాశావే?"

పదకొండేళ్ళుగా ఎదుటి కుర్చీలో కూర్చున్న ప్రతివాడినీ ఫారాలమ్మ ఏ చూపు చూసిందో, అదే చూపు అక్క కళ్ళలో కనిపించింది. తలదించుకుని ఫారాన్ని నిలువునా చింపి బుట్టలో పడేసింది. బావగారు ఇంతెత్తున లేచి ఇల్లూ వాకిలీ, పరువూ ప్రతిష్ఠా అని ఏదో అరుస్తున్నాడు. అక్కచెల్లెళ్ళిద్దరూ వినలేదు.

ఆ సాయంత్రమే అక్క ఒక్కతీ ప్రమాదం జరిగిన రోడ్డుకి వెళ్ళింది. ఓ జెరాక్సు షాపువాడు చెప్పాడు. ఆ సైకిలాయన తాళాలు బాగుచేసే మనిషట, భుజం ఎముక విరిగిందట, ఆసుపత్రిలో ఉన్నాడట. అక్క ఆసుపత్రికెళ్ళి చూసొచ్చి, మొగుడితో ఒకే మాట అంది. "స్టేషనుకి మీరు వెళ్తారా, నన్ను వెళ్ళమంటారా?" మర్నాడు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, మీటింగుకి వెళ్తున్నవాడిలా వెళ్ళి కేసు రాయించుకుని వచ్చాడు. చెల్లని లైసెన్సుతో నడిపినందుకు నిజం రాసి కొత్తగా పంపిన రిపేరు క్లెయిముని ఇన్సూరెన్సు కంపెనీ తిప్పికొట్టింది. బంపరు లేని ఆ కారు షెడ్డు వెనక టార్పాలిన్ కప్పుకుని మూలనపడింది. మరదలు తన కొంప ముంచిందని బావగారు కనపడ్డ చుట్టానికల్లా చెప్పుకున్నాడు. చుట్టాల్లో సగంమంది అవునవునన్నారు. వాళ్ళనీ ఆవిడ లెక్కలోంచి తీసేసింది.

అక్క మాత్రం రెండు నెలలు ఫోను చెయ్యలేదు. చెల్లెలు చేసినా ఎత్తలేదు. ఆ రెండు నెలలూ ఫారాలమ్మ కుక్కల కథలు చెప్పినవాళ్ళ ముందుకి ఫారాన్నీ పెన్నునీ తోసి, "మీ చేత్తో మీరే రాయండి" అంటూ వచ్చింది. మేనేజరు గొణిగాడు. గొణుక్కోనిచ్చింది.

ఓ రోజు ఎండ మండిపోతుంటే అక్క సంచీతో గదిలోకి వచ్చి, ఎదుటి కుర్చీలో కూర్చుంది. సంచీలోంచి తాళాలాయన ఎక్సరేలు, డాక్టరు చీటీలు, స్టేషను కాగితాలు తీసి బల్ల మీద పేర్చింది.

"ఆయనకి చెయ్యి ఇంకా పైకి లేవడం లేదు. రావలసిన పరిహారానికి ఏవేం కాగితాలు కావాలో లాయరు రాసిచ్చాడు. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. నువ్వు చూస్తావా?"

"చూస్తాను. కాసిని మంచినీళ్ళు తాగు ముందు."

ఇద్దరూ కాగితాల మీదికి వంగారు. తేదీల దగ్గర అక్క రెండుసార్లు తడబడింది, రెండుసార్లూ తనే దిద్దుకుంది. గంట గడిచాక ఫారాలమ్మ తలెత్తి అద్దంలోంచి చూసింది. గేటు దగ్గర ఎండలో, నెత్తిన జేబురుమాలు కప్పుకుని బావగారు నిలబడి ఉన్నాడు.

"రమ్మననా?" అంది.

"నేనే అక్కడ ఉండమన్నాను," అంది అక్క, తల ఎత్తకుండానే.

ఫారాలమ్మ తర్వాతి కాగితం తీసింది.