మోవాలో అమ్మకానికున్న అంబాసిడర్

నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. పుట్టుకతో వచ్చింది కాదు, రాయపూర్ పక్కన సిల్తారాలో చేసిన ఉద్యోగం నేర్పిన బుద్ధి. మా ఫ్యాక్టరీకి లారీల్లో వచ్చే తుక్కు ఇనుమును దించుకొనే ముందు పరీక్షించడం నా పని. పైన నికార్సయిన ఇనుప ముక్కలు పేర్చి, అడుగున మట్టీ రాళ్లూ పోసి తెచ్చేవాళ్లు. అందుకే నా జేబులో ఎప్పుడూ ఒక అయస్కాంతం ఉండేది. బజారులో స్టీలు గిన్నె కొన్నా ఆ అయస్కాంతాన్ని బయటికి తీసేవాణ్ని. మా ఆవిడ తల కొట్టుకొనేది.

అలాంటివాణ్ని ఒక పాత అంబాసిడర్ కొనాలనుకోవడానికి కారణం మా నాన్న. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఉద్యోగమంతా ఒక సర్కారీ ఆఫీసులో అంబాసిడర్ నడిపాడు. ఆఫీసర్లకు తలుపు తీసేవాడు, వేసేవాడు. తను మాత్రం వెనక సీట్లో ఒక్కసారైనా కూర్చోలేదు. కంటిచూపు మందగించాక తెలీబంధా చెరువు దాకా ఆటోలో తీసుకెళ్తే, అక్కడా డ్రైవరు పక్కనే ఇరుక్కొని కూర్చొనేవాడు. ఆ చూపు పూర్తిగా పోకముందే ఆయన్ని మా సొంత అంబాసిడర్ వెనక సీట్లో కూర్చోబెట్టాలని నాకు పిచ్చి కోరిక.

మా ఊళ్లోనే మోవా పేటలో ఒక రిటైరైన నర్సమ్మ దగ్గర అలాంటి బండి ఉందని విని, ఒక ఆదివారం నాన్నని వెంటబెట్టుకొని వెళ్లాను. ఆవిడది కాకినాడ వైపు. భర్త పోయాడు, ఒక్కతే ఉంటోంది. మేం తెలుగువాళ్లమని తెలియగానే కుర్చీలు వేసి టీ పెట్టింది. ఆ మర్యాద దగ్గరే నాకు అనుమానం మొదలైంది. అమ్మేవాళ్లు ఊరికే టీ ఇవ్వరు. నాన్న మాత్రం రెండో కప్పు కూడా తాగాడు.

బండి షెడ్డులో ఉంది. చక్రాల పైన అంచులు తుప్పు పట్టి పొరలు లేస్తున్నాయి. ఒళ్లంతా అలా ఉంటే వెనక ఎడమ తలుపు ఒక్కటే నున్నగా మెరుస్తోంది. పైన పటారం, లోన లొటారం అనుకొంటూ అయస్కాంతం తీశాను. బానెట్టుకి అంటుకొంది, ముందు తలుపులకి అంటుకొంది. ఆ నున్నటి తలుపు మీద మాత్రం నిలవకుండా జారి కింద పడింది. తుప్పు ఇనుమును తినేసిన చోట లప్పం పూసి రంగు వేశారు. లోపల మ్యాటు ఎత్తితే చిల్లుల్లోంచి షెడ్డు గచ్చు కనబడింది. బాధపడాల్సింది పోయి, నా అనుమానం నిజమైనందుకు సంతోషమేసింది.

తలుపు సంగతి అడిగితే అన్నీ ఆయనే చూసుకొనేవారు, తనకు తెలియదంది. తెలియదనే జవాబు మా ఫ్యాక్టరీ గేటు దగ్గర రోజూ వినేదే. ఇంజను ఎలా ఉంది, అసలెందుకు అమ్ముతున్నారు అని ఒకే ఊపులో అడిగేశాను. ఆవిడ బండి వైపు చూస్తూ, కాస్త సాగదీసి, "చాలూ..." అంది.

రాయపూర్‌లో ఇంజను పనిచేస్తుంటే గాడీ చాలూ ఉందంటారు. మా ఇళ్లలో కూడా ఫ్యాన్ చాలూ చెయ్యి, మోటారు చాలూ ఉంది అనే అంటాం. సరే చూద్దామని తాళం తిప్పాను. ఉలుకూ పలుకూ లేదు. బానెట్టు ఎత్తితే బ్యాటరీ ఉండాల్సిన చోటు ఖాళీ. నాకు ఒళ్లు మండింది.

"చాలూ అన్నారు కదా ఆంటీ? బ్యాటరీయే లేదు. ఎవర్ని మోసం చేద్దామని?"

ఆవిడ మొహం నల్లబడింది. "నేను తెలుగులో అన్నాను బాబూ. ఆయన పోయిన కాణ్ణుంచీ వారం వారం దీన్ని తుడుస్తున్నాను. ఇంక నా వల్ల కాదు. చాలు."

నాకు సిగ్గేసింది. అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది? ఈ మాట అప్పటికప్పుడు అల్లిందేమోనని ఒక పక్క మనసు పీకుతూనే ఉంది. సానుభూతి పక్కన పెట్టి చూస్తే ఆ బండి కొనదగ్గది కాదు. నేల మార్చాలి, తలుపు మార్చాలి, ఇంజను సంగతి దేవుడికెరుక. ఆలోచించుకొని చెబుతామని వదిలించుకొనే మాట ఒకటి చెప్పి, నాన్న కోసం వెనక్కి తిరిగాను.

ఎప్పుడు ఎక్కాడో, వెనక సీట్లో కూర్చొని ఉన్నాడు. చిల్లుల్లో పడకుండా కాళ్లు పక్కకి పెట్టుకొన్నాడు. చేతులు ఏం చెయ్యాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకొన్నాడు. దిగమని చెప్పబోతుంటే, "ఏట్రా అలా నిలబడిపోనావు? తలుపెయ్" అన్నాడు.

వేశాను. వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చున్నాను. కాసేపటికి వెనక నుంచి, ఎవరూ వినకూడదన్నంత మెల్లిగా, హిందీలో, "చలో" అన్నాడు.

బతుకంతా ఆ మాట వెనక నుంచి వినడమే గాని, అనడం ఆయనకి అదే మొదటిసారి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దిగి, ఆవిడ ఎంత చెబితే అంతకే బండి తీసుకొంటానన్నాను. అంత తుప్పు కళ్లారా చూసినవాణ్ని, బేరం కూడా ఆడకుండా ఒప్పుకోవడంతో ఈసారి ఆవిడే నన్ను అనుమానంగా చూసింది. నేను వెనక సీట్లో కూర్చున్న నాన్నని చూపించాను.