ఆ నవలలో కరెంటు పోలేదు

మా పుస్తకాల వాట్సాప్ గ్రూపుకి ఒకటే నియమం. పుస్తకంలో ఏముందో అదే చెప్పాలి. చదవకుండా చదివినట్టు రాసినా, కథ మార్చి చెప్పినా గ్రూపులోంచి తీసేస్తారు. తీసేసేది మా అడ్మిన్ మేడం. సొంతూరు కాకినాడ వైపు, ఉండేది మల్కాజ్‌గిరిలో. బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. ఒకసారి ఒకాయన అట్ట వెనక నాలుగు ముక్కలు చూసి పెద్ద సమీక్ష రాసి పెడితే, "మధ్యలో పెళ్ళి ఎవరికి జరిగిందండీ?" అని అడిగారు. ఆయన టైప్ చేస్తూ, ఆపుతూ, మళ్ళీ టైప్ చేస్తూ ఉండగానే తీసేశారు. ఆ రోజు నేను కడుపు పట్టుకుని నవ్వాను.

మాది అల్వాల్‌లో కర్రీ పాయింట్. నేను వండుతాను, మా ఆయన కవర్లలో కట్టి ఇస్తాడు. నా బడి చదువు పదో తరగతితో ఆగింది. తర్వాతదంతా బ్రాంచి లైబ్రరీయే. గుమ్మం పక్క బీరువాతో మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ పోయాను కాబట్టి కోళ్ల పెంపకం, గ్రహణాలు, వారసత్వ చట్టం, డిటెక్టివ్ నవలలు నాకు అదే క్రమంలో వచ్చాయి. ఈ సంగతి గ్రూపులో చేరిన మొదటి రోజే చెప్పాను. రెండో రోజు కూడా చెప్పానట.

"మీ లైబ్రరీలో వినయం గురించిన పుస్తకం ఏ బీరువాలో ఉందమ్మా?" అని మేడం రాశారు.

"గా పుస్తకం ఎవరో తీస్కపోయి తిరిగి ఇయ్యలేదు మేడం" అని రాశాను.

అక్కడ కుదిరింది మా ఇద్దరికీ. ముఖాలు చూసుకోకుండానే ఏడాది పైన పుస్తకాలు ఇచ్చిపుచ్చుకున్నాం. మా దగ్గర రోజూ కూరలు కొనే రైల్వే ఆయన డ్యూటీ మల్కాజ్‌గిరిలోనే. పుస్తకాలు ఆయన సంచిలో వెళ్ళేవి, వచ్చేవి. ఒకసారి ఒక కవితల పుస్తకం సాంబారుతో సహా చేరింది. "ఇంత రుచిగల కవిత్వం ఎప్పుడూ చదవలేదు" అని గ్రూపులో పెట్టారు మేడం. నేను వారం రోజులు తలెత్తలేదు.

పోయిన వానాకాలం మేడంకి కంటి ఆపరేషన్ అయింది. రెండో కన్ను అంతకుముందే అంతంతమాత్రం. ఆపరేషన్ చేసిన కంట్లో పొర అతుక్కోవాలంటే వారం పది రోజులు బోర్లా పడుకునే ఉండాలన్నారట. తల ఎత్తకూడదు, చదవకూడదు, ఫోను చూడకూడదు. వాళ్ళాయన చేత నంబరు కలిపించి, దిండులోంచి వస్తున్న గొంతుతో నాకు ఫోన్ చేశారు.

"అమ్మాయ్, మా ఆయన పేపరు చదివి వినిపిస్తానని కూర్చున్నాడు. శ్రద్ధాంజలి ప్రకటనలతో మొదలుపెట్టాడు. నన్ను కాపాడు."

ఫోన్ పెట్టేసే ముందు, నవ్వు తీసేసిన గొంతుతో ఇంకో మాట అన్నారు. "చూపు రాకపోతే నడవడానికి కర్ర ఉంటుంది. చదవడానికి ఏముంటుందమ్మా?"

నా దగ్గర ఒక డిటెక్టివ్ నవల ఉంది. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఫుట్‌పాత్ మీద కొన్నది. అట్ట లేదు, రాసినాయన పేరు కూడా అట్టతోనే పోయింది. నేనూ ఇంకా చదవలేదు. మధ్యాహ్నం బేరం తగ్గాక ఫోన్‌ని కారప్పొడి డబ్బాకి ఆనించి, అది చదివి వాయిస్ మెసేజ్‌లు పంపడం షురూ చేశాను. కథలో ఒక పెద్దింటి ముసలమ్మ. ఆవిడ బీరువాలో నగలు. ఇంట్లోనే ఎవరో దొంగ. గుమ్మం దగ్గర నీడ కదిలిందని నేను గొంతు తగ్గించి చదువుతుంటే మా కుక్కర్ కూత పెట్టేది.

"ఆ కూత కూడా రచయిత రాసిందేనా?" అని మేడం వాయిస్‌లోనే అడిగేవారు.

"ఏందే, ఫోన్‌కి కథలు చెప్తున్నవ్?" అని మా ఆయన. "గా ఉల్లిగడ్డలు ఎవరు కోస్తరు?"

అంతా బాగానే సాగుతుండగా ఒక రోజు, చదివే ముందు కాస్త గొంతు సవరించుకుంటూ తర్వాతి పేజీ మీద చూపు వేశాను. ముసలమ్మకి కంటి ఆపరేషన్ చేస్తారు. కట్టు విప్పుతారు. ఏమీ కనిపించదు.

పుస్తకం మూసేశాను. అవతల ఒకావిడ బోర్లా పడుకుని, కట్టు విప్పే రోజు కోసం చూస్తోంది. ఆవిడకి ఇది ఎలా చదవను? ఆపేస్తే ఎందుకని అడుగుతారు. పేజీలు దాటేస్తే పట్టుకుంటారు. ఇన్ని బీరువాలు చదివినదాన్ని, కళ్ళ చోట చెవులు పెట్టలేనా అనుకున్నాను. ముసలమ్మకి చెవుల ఆపరేషన్ చేయించాను. పాపం, వినికిడి పోయింది. మేడం "అయ్యో" అన్నారు. నేను చాలా తెలివైనదాన్ననుకుంటూ ఉల్లిగడ్డలు కోశాను.

నా తెలివి మర్నాటికే తెల్లారింది. నవలలో దొంగ, చూపులేని ముసలమ్మ ఎదురుగానే వచ్చి బీరువా తెరుస్తాడు. ఆవిడకి వాడి చెప్పు ఈడ్చుకునే చప్పుడు మాత్రమే తెలుస్తుంది. నా ముసలమ్మకి చెప్పుల చప్పుడు వినపడదు, కానీ రెండు కళ్ళూ శుభ్రంగా ఉన్నాయి. ఎదురుగా ఉన్న దొంగని చూస్తుంది, పేరు చెప్తుంది, కథ అయిపోతుంది. నా చేతిలో ఇంకా సగం పుస్తకం ఉంది.

ఏం చెయ్యాలో తోచక కరెంటు తీసేశాను.

దొంగ మళ్ళీ వచ్చాడు. మళ్ళీ కరెంటు పోయింది, పైగా మబ్బు పట్టింది. మూడోసారి వచ్చేసరికి ఇంట్లోవాళ్ళు ముసలమ్మ పక్కన కొవ్వొత్తి పెట్టారు. నేనే పెట్టించి, గాలి రప్పించి నేనే ఆర్పాను.

"ఆ ఊరి లైన్‌మాన్ ఎవరమ్మా?" అన్నారు మేడం. "దొంగకి చుట్టమా?"

"ముందు తెలుస్తది మేడం" అన్నాను. నాకు నిజంగా తెలియదు.

దొంగని పట్టించాల్సిన రోజు వచ్చింది. అచ్చులో ఉన్న ముసలమ్మ చెప్పు చప్పుడుతో అల్లుణ్ణి పట్టిస్తుంది. నా ముసలమ్మ ఎలా పట్టించాలి? నేను ఆలోచిస్తూ, చీకట్లో ఆవిడ ఊపిరి పీల్చుకుంది, మళ్ళీ పీల్చుకుంది అని సాగదీస్తుండగా వెనక నుంచి మా ఆయన, "మెంతులు మాడుతున్నయ్, జెర చూస్కో" అన్నాడు. అంతే, చీకట్లో ముసలమ్మకి మాడిన మెంతుల వాసన వచ్చింది. వంట రాకపోయినా వంటింట్లో తిరిగే మనిషి ఆ ఇంట్లో అల్లుడొక్కడే. కథ ముగిసింది.

కట్టు విప్పిన రోజు ఫోన్ వచ్చింది. "కనిపిస్తోందమ్మాయ్. ముందు మసక కనిపించింది, తర్వాత మా ఆయన. మసకే నయం."

నేను గట్టిగా నవ్వాను, పైట చెంగుతో కళ్ళు కూడా తుడుచుకున్నాను. అప్పుడు మేడం, "ఇక ఆ నవల పంపు. నా కళ్ళతో చదవాలి" అన్నారు.

నవ్వు అక్కడే ఆగింది. అట్టలేని ఆ పుస్తకంలో చెవులు లేవు, మెంతులు లేవు, కరెంటు ఒక్కసారి కూడా పోలేదు. చూస్తే నన్ను తీసేస్తారు. ఆ గ్రూపు నాకు లైబ్రరీలో చివరి బీరువా తర్వాత దొరికిన బీరువా. అది మూసుకుపోతే నాకు మిగిలేది కుక్కర్ ఒక్కటే. పుస్తకం ఎవరో తీసుకెళ్ళారన్నాను. తర్వాత రైల్వే ఆయన సెలవులో ఉన్నాడన్నాను. ఆ మెసేజ్ పంపేటప్పుడు ఆయన నా ఎదురుగా నిలబడి పప్పు కట్టించుకుంటున్నాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక పొట్టి మనిషి ఆటో దిగి, కౌంటర్ దగ్గర నిలబడి గాలి పీల్చింది.

"మెంతులు మాడుతున్నట్టున్నాయి అమ్మాయ్."

గరిటె వదిలేశాను. ఆ గొంతు నాకు తెలుసు, మనిషే కొత్త.

"ఎట్ల తెల్సింది మేడం?" అన్నాను. ఇక దాచి లాభం లేదు.

"నువ్వు పేజీ తిప్పితే అప్పడం విరిచినట్టు వినిపిస్తుంది. ముసలమ్మకి చెవుడు వచ్చిన రోజు నుంచీ ఒక్క అప్పడం విరగలేదు. బోర్లా పడుకున్నదానికి చెవులు తప్ప ఇంకేం ఉంటాయి?"

"మరి అప్పుడే ఎందుకు అడగకపోయిన్రు?"

"అడిగితే ఆపేస్తావుగా. దొంగ ఎవరో నాకు తెలియొద్దూ?"

లోపల బియ్యం డబ్బా మీద నుంచి పుస్తకం తెచ్చి ఇచ్చాను. దాన్ని తెరవకుండా చేత్తో పట్టుకుని, "అసలు ఆవిడకి పోయినవి కళ్ళేనా?" అన్నారు. తలూపాను. మేడం పుస్తకాన్ని సంచిలో పెట్టుకున్నారు. తర్వాత పర్సు తీసి, "పావుకిలో గుత్తొంకాయ కట్టు. నియమం మాత్రం నియమమే" అన్నారు.

రాత్రి కొట్టు కట్టేసరికి నన్ను గ్రూపులోంచి తీసేశారు.

"మంచిగైంది" అన్నాడు మా ఆయన. "ఇగ ఉల్లిగడ్డలు టైమ్‌కి అయితయ్."

మర్నాడు మధ్యాహ్నం, సరిగ్గా నేను చదివి పంపే వేళకి, నాకొక్కదానికే మేడం వాయిస్ మెసేజ్ వచ్చింది. నేను దాటేసిన చోటు నుంచి నవల చదువుతున్నారు. ముందుగా, కావాలనే ఫోన్‌కి దగ్గరగా పెట్టి, పేజీ తిప్పారు. దుప్పటి దులిపినట్టు వినిపించింది. కట్టు విప్పడం, చీకటి, ముసలమ్మ కుర్చీలో కూర్చోవడం, అన్నీ ఉన్నదున్నట్టు, ఎక్కడా గొంతు తొణక్కుండా చదివారు. నేను గరిటె పట్టుకుని నిలబడి విన్నాను. గుమ్మం దగ్గర చెప్పు ఈడ్చిన చప్పుడైంది.

"సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది" అని చదివారు మేడం.

ఆ పేజీ నాకు కంఠతా వచ్చు. అందులో కరెంటు మాటే లేదు. పేజీ తిప్పిన చప్పుడు కూడా ఆగిపోయి అప్పటికి కాసేపైంది.

"కథ మార్చినోళ్ళని తీసెయ్యాలె కద మేడం" అని వాయిస్ పెట్టాను. "అడ్మిన్‌ని ఎవరు తీస్తరు?"

కాసేపటికి ఫోన్ మోగింది. నన్ను మళ్ళీ గ్రూపులో కలిపారు. దాని వెనకే ఇంకో వాయిస్ వచ్చింది.

"ముందు నోరు మూసుకుని విను. లైన్‌మాన్ ఇప్పుడే వస్తున్నాడు."