సుక్రు చెరిపేసుకున్న పేరు

సుక్రు మీద నాకిప్పటికీ కోపమే. అంత తెలివైనోడు అంత అమాయకుడు కాకూడదు.

రెండువేల నాలుగులో పాడేరులో నాకు నెట్ సెంటరుండేది. సుక్రు ముంచింగిపుట్టు దగ్గర ఓ బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవోడు. వారానికోసారి జీపుకి వేలాడుతూ వచ్చేవోడు. రాసిన ప్రోగ్రాం ముక్కలన్నీ కూర్చి మెషీన్ నడిపేలా తయారుచెయ్యడాన్ని బిల్డ్ అంటారు. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికే. వాళ్ళ కొండమీద కరెంటు సంగతి నన్నడక్కండి! అందుకే ఆగినచోట నుంచి అందుకునే టూలొకటి నాలుగేళ్ళు కష్టపడి రాసుకున్నాడు. దాన్ని, పదిమందీ కలిసి రాసి అందరికీ ఊరికే పంచే ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి ఇచ్చేస్తానన్నాడు.

ఫ్లాపీలోంచి నా మెషీన్లోకి ఎక్కించి, మెయిల్లో పంపేముందు ప్రతి ఫైల్లోనూ తన పేరు చెరిపేసేడు.

"ఏటిరా సేత్తన్నావు?" అన్నాను.

"మా విత్తనాల పండగలో అందరం ఒకే బుట్టలో పోత్తాం గదన్నా. ఇయ్యి నాయని సెప్పుకుంటే సిగ్గు."

నవ్వి ఊరుకున్నాను. ఆరోజు నా నోరు పడిపోయిందా, ఒక్క మాట గట్టిగా చెప్పలేకపోయాను!

ఇంటికెళ్తూ వానలో ఫ్లాపీ తడిసిపోయింది. ఆ వారమే పిడుగు పడి బడి కంప్యూటర్ మాడిపోయింది. ఘాట్ రోడ్డు మీద కొండ విరిగిపడి మూడు వారాలు జీపుల్లేవు.

చివరికి నడిచొచ్చేడు, మోకాళ్ళదాకా బురదతో. "టూలు ఆళ్ళ దగ్గర బద్రంగా ఉంటాదన్నా" అంటూ మెయిల్ తెరిచేడు. ప్రాజెక్టు వాళ్ళవి రెండున్నాయి. రాసిందెవరో తెలీకుండా తీసుకోలేం, పదిహేను రోజుల్లో పేరు చెప్పండని మొదటిది. జవాబు రాలేదు గనక తీసేశామని రెండోది.

"నాదే, నాదే" అని వరసగా నాలుగు మెయిళ్ళు కొట్టేడు. బల్లమీద తలపెట్టి ఏడ్చేడు. గంటకి జవాబొచ్చింది, ఎంతో మర్యాదగా: మా దగ్గర కాపీ లేదు, క్షమించండి. చాలా మంచి పని. ఈసారి మీ పేరుతో పంపండి.

చదివి, చటుక్కున తలెత్తేడు. మొహం వెలిగిపోయింది.

"అన్నా! పంపిన మెయిల్లో కాపీ మిగల్లేదు గానీ, ఆరోజు నీ మెషీన్లోంచే గదా పంపేను. ఉంటాది గదా? బేగి సూడన్నా!"

కస్టమర్లు వదిలేసిన ఫైళ్ళు షాపు మూసేముందు రోజూ తీసిపారేస్తాను. ఎవరివో కూడా చూడను. వాణ్ణి పక్కన కూచోబెట్టుకుని, లేదని తెలిసిన ఫైలు కోసం సాయంత్రం దాకా వెతికేను.