నాన్న రాయి ఉబ్బింది

ముందు మా నాన్న మీసం గురించి చెప్పాలి, ఎందుకంటే ఏ గదిలోకైనా ఆయనకంటే ముందు వచ్చేది అదే. నాన్నకు కంకర క్వారీ ఉంది. అణువిద్యుత్ కేంద్రం కట్టినప్పుడు, రేడియేషన్ బయటికి రాకుండా రియాక్టరు చుట్టూ బాగా మందమైన కాంక్రీటు గోడ కట్టారు. ఆ గోడకి నాన్న క్వారీలోని నల్లరాయి తీసుకున్నారు. మామయ్య, అంటే అమ్మ వాళ్లన్నయ్య, పంపిన సున్నపురాయిని మెత్తగా ఉందని తిప్పి పంపారు. నాన్న ఊరుకోవచ్చు కదా! "మా బావ రాయి గోడ కట్టడానికి కాదు, గోడకి సున్నం వెయ్యడానికి పనికొస్తుంది" అని నలుగురిలో అనేశాడు.

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అలాగని రాకపోకలు మానలేదు. మామయ్య ప్రతి ఆదివారం వచ్చి నాన్న ఎదురుగానే కూర్చుని, అమ్మ చేత మాట్లాడించేవాడు.

"చెల్లాయ్, మీ ఆయన్ని ఆ పేపరు ఇటిమ్మను."

"ఇంకా చదవడం అవ్వలేదని మీ అన్నకి చెప్పు."

మధ్యలో అమ్మ తలనొప్పి మాత్ర వేసుకునేది.

నాన్న ఖర్మ కొద్దీ నేను, అలాంటి గోడలు ముసలివైతే ఏమవుతాయో చూసే ల్యాబులో చేరాను. రెండు రాళ్లతోనూ కాంక్రీటు ముక్కలు చేసి పరిశోధన రియాక్టరులో పెట్టామని ఓ ఆదివారం భోజనాల దగ్గర నోరు జారాను. నాన్న మీసం మెలేశాడు.

"నా రాయిలో వెంట్రుకవాసి తేడా వచ్చినా మీసం తీయించేసుకుంటానని మీ అన్నకి చెప్పు."

"ఆ ముచ్చట చూడ్డానికి నేను రెడీ అని చెప్పు చెల్లాయ్."

ఫలితాలు వచ్చాక ఎలా చెప్పాలో తెలియక, ఆదివారం మామయ్య కూడా ఉన్నప్పుడు, నాన్న రాయితో చేసిన ముక్క ఫొటో తెచ్చి బల్ల మీద పెట్టాను.

"నీ రాయిలో మెరిసే పలుగురాయి ఉంది చూశావా నాన్నా, రియాక్టరులోంచి వచ్చే న్యూట్రాన్లు గుద్దీ గుద్దీ దాని లోపలి అణువుల వరస చెదిరిపోతుంది. మళ్లీ సర్దుకోదు, ఉబ్బుతుంది. సున్నపురాయీ దెబ్బలు తింటుంది కానీ చాలావరకు సర్దుకుంటుంది."

నాన్న మొహం పాలిపోయింది. "గోడ పడిపోతుందా?"

"లేదు. ఇదంతా లోపలి అంచులోనే. మేం కనిపెట్టి చూస్తూనే ఉంటాం."

ఊపిరి పీల్చుకున్నాడు. ఇక ఊరుకుంటాడా! ఫొటో అందుకుని, "చూడు, నా రాయికి బీటే లేదు! పగిలింది సిమెంటు!" అని అరిచాడు.

అది నిజమే. వేడికి సిమెంటు ఎండి కుంచించుకుపోతుంది, రాయేమో ఉబ్బుతుంది. మధ్యలో పగిలేది సిమెంటే.

అమ్మ ఆ ఫొటో చాలాసేపు చూసింది. "ఉబ్బేది మీరు, పగిలేది నేను. ఇన్నేళ్లూ జరిగింది ఇదేగా" అంది. గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయమేసింది. "ఇద్దరూ మంగలి షాపుకి పదండి. నేను రాను. ఇక నా చేత ఏదీ చెప్పించొద్దు."

నేను మాత్రం వెళ్లాను, మానతానా! నాన్న కుర్చీలో కూర్చున్నాడు. మామయ్య వెనక బెంచీ మీద పేపరు అడ్డం పెట్టుకున్నాడు, అదీ తలకిందులుగా. సగం మీసం పోయింది. నాన్న అద్దంలో చూసుకుని, "మీ అన్నకి చెప్పు..." అని మొదలుపెట్టి, పక్కన అమ్మ లేదని గుర్తొచ్చి ఆగిపోయాడు.

"బావా," అన్నాడు చివరికి, "రెండో పక్క కూడా తీసెయ్యమనా?"

మామయ్య పేపరు కింద పెట్టాడు. అద్దంలో నాన్ననే చూశాడు.

"అప్పుడే వద్దు బావా. ముందు ఇలాగే ఇంటికెళ్దాం పద, చెల్లాయి చూడాలి."